ఒక్కతే ఎక్కిన వేదిక

పోయిన వారం మనం కళావతిని మట్టెవాడ ఫంక్షన్ హాలు వెనక గదిలో, అద్దం ముందు, సగం మేకప్‌తో వదిలి వచ్చాం. తలుపు ఎవరో కొట్టారు. ఆమె 'ఎవరు?' అని అడగలేదు. రెండు వేళ్ళ మెటికలతో గట్టిగా, జవాబు కోసం ఆగకుండా కొట్టే ఆ తీరు ఎవరిదో ఆమెకు తెలుసు.

కళావతి బస్సు కండక్టరు. డ్యూటీ అయ్యాక మిగిలిన పొద్దంతా నాటకాలకు ఇచ్చిన మనిషి. పదిహేనేళ్ళు 'వెలుగుబాట' నాటక సమితిలో వేషాలు వేసింది. ములుగు రూటులో తాను చూసిన ప్రయాణికుల ముచ్చట్లు రిహార్సల్ విరామాల్లో నవ్వుతూ చెబుతుంటే, సమితి డైరెక్టరు రాంప్రసాద్ వాటిని ఆరు పాత్రల నాటకంగా రాసుకున్నాడు. అందులో కండక్టరు మగవాడయ్యాడు. కళావతికి మిగిలింది బస్టాండులో పల్లీలమ్మే ఆమె వేషం. ఆ వేషం వెయ్యనని అందరి ముందూ చెప్పి లేచి వచ్చేసింది. తన బస్సు మీద నాటకం తానే కట్టుకుంటానని, పాత్రలన్నీ తానొక్కతే వేస్తానని కూడా అనేసింది. నాటకం పేరు 'ఆఖరి సీటు'. మొదటి ప్రదర్శన ఈ ఆదివారం సాయంత్రమే, రెండోది రేపు. లైట్లు వేస్తానన్న రాకేష్ పొద్దున ఫోన్ చేసి, "అక్కా, నాతోని కాదు" అన్నాడు. ఎవరు వద్దన్నారో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

తలుపు తెరుచుకుంది. రాంప్రసాద్ లోపలికి వచ్చాడు.

అరవై దాటిన మనిషి. నెరిసిన జుట్టు వెనక్కి దువ్వి, చేతులు మడిచిన నీలం చొక్కా వేసుకున్నాడు. గొంతును హాలు చివరిదాకా ఎలా విసరాలో కళావతికి నేర్పింది ఈయనే. గదిలో మూలన పిన్నీసుల డబ్బా పట్టుకుని నిలబడ్డ ఆమె భర్త రాజమౌళి గబగబా కుర్చీ జరిపాడు.

"హాలు నిండింది," అన్నాడు రాంప్రసాద్ కూర్చుంటూ. "ఇంత మంది వస్తరని నేను అనుకోలే."

"నేను గూడ అనుకోలే సార్. చాయ్ తెప్పిద్దామంటె మనుషులు లేరు. నేనొక్కదాన్నే."

"అదే చెప్పనీకి వచ్చిన." ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "రాకేష్ బయట ఆటోల ఉన్నడు. లైట్లు, మైకులు అన్నీ తెచ్చిన. పది నిమిషాల్ల బిగిస్తం. నువ్వు కొత్తగ చేసేదేం లేదు. పరదా లేవంగనే 'వెలుగుబాట సమితి సమర్పించు' అని ఒక్క మాట అను. చాలు."

రాజమౌళి ముఖం వెలిగింది. అద్దంలో కళావతి అది చూసింది. మోటార్లకు వైండింగ్ చేసుకునే మనిషి, వారం రోజుల నుంచి షాపులో కూడా చేతులాడక తిరుగుతున్నాడు. ఆ మాట ఆయనకు దేవుడు పంపినట్టే ఉంటుంది.

"రచన ఎవరిది అనాలె సార్?"

"నీదే."

"దర్శకత్వం?"

రాంప్రసాద్ చొక్కా చేతి మడత సర్దుకున్నాడు. "అది తర్వాత మాట్లాడుకుందాం."

కళావతి నవ్వింది. కాటుక డబ్బీ మూత పెట్టి ఆయన వైపు తిరిగింది.

"రాకేష్‌ను పొద్దుగాల ఆపిందీ మీరే, సాయంత్రం ఆటోల తెచ్చిందీ మీరేనా?"

"నీ మీద కోపంతోని ఆపిన. నీ మీద ప్రేమతోని తెచ్చిన. రెండూ నిజమే." ఆయన దాచలేదు. "నాటకం ఒక్కరు చేసే పని కాదు కళావతీ. నలబై ఏండ్ల నుంచి చూస్తాన. మరిచిపోతె అందించేదెవరు? పడితె లేపేదెవరు? అన్నిటికన్న ముఖ్యం, బాగలేకుంటె బాగలేదని చెప్పేదెవరు? ఇంట్ల అద్దం ముంగట అందరూ గొప్ప నటులే."

ఆ చివరి మాట సూదిలా దిగింది. ఎందుకంటే అది ఆమెకు తెలిసిన విషయమే. ఖాళీగా పడి ఉన్న చిన్నమ్మ కొడుకు పత్తి గోదాములో, తలుపు మూసుకుని, ఎండాకాలమంతా ఆమె ఒక్కతే ఈ నాటకం కట్టింది. హాస్యం చెబితే నవ్వడానికి మనిషి లేదు. నవ్వు వస్తుందో రాదో గోనె సంచులను చూసి ఊహించుకోవాలి. జ్వరం వచ్చి మంచం పడితే పనంతా ఆమెతోపాటే మంచం పట్టింది. ఒక పాత్ర నడక రాకపోతే రెండు వారాలు అక్కడే ఆగిపోయింది, 'ఇట్లా నడువు' అని చూపించేవాళ్ళు లేక.

కానీ ఆ గోదాములోనే ఇంకోటి కూడా జరిగింది. మొట్టమొదటిసారి ఆమె వేదిక మధ్యలో నిలబడింది. 'కళావతీ, జర వెనక్కి, హీరో కనపడ్తలేడు' అనే గొంతు లేదు. కూర్చోవాలనిపిస్తే కూర్చుంది. ఒక పాత్ర మాట్లాడకుండా ఊరికే కిటికీలోంచి చూస్తే బాగుంటుందనిపించి, మధ్యాహ్నమంతా ఊరికే చూస్తూ కూర్చుంది. సమితిలో అయితే ఆ పనికి ఎవరు ఒప్పుకుంటారు? డ్యూటీ దిగిన ఏ గంటైనా ఆమెకు రిహార్సలే. ఎవరి తీరికా అడగనక్కర లేకపోయింది.

"ఏమాలోచిస్తానవ్?" అన్నాడు రాంప్రసాద్. "నీ బస్సులనే చూడు. ఇద్దరుండాలె గద? డ్రైవరు లేకుంట నువ్వొక్కదానివే నడుపుతవా?"

"నడపలేను సార్. కని మా డ్రైవరు నన్నెన్నడు బస్సు దిగుమనలే."

మూలన రాజమౌళి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

రాంప్రసాద్ ముఖం ఎర్రబడింది. లేచి నిలబడ్డాడు. "మొండితనం గొప్పతనం కాదు."

"తెలుసు సార్. కని గొప్పతనం వచ్చేదాంక మొండితనం తోనే నడుపుకోవాలె గద."

"సరే. ముందు వరసల కూసుంట. మధ్యల లేచిపోనులే, భయపడకు."

"మీరు లేచిపోయినా బస్సు ఆగది సార్. కూసోండి."

ఆయన వెళ్ళాక రాజమౌళి పిన్నీసుల డబ్బా కింద పెట్టాడు. "గంత మొఖం మీద అనాల్నానే? పెద్దమనిషి. లైట్లన్న పెట్టిచ్చుకుంటె ఏమయితుండె?"

"లైట్లతోని పాటు ఆయన గూడ వస్తడు."

"పోనీ, పరదా నేను గుంజుత. తాడు గుంజుడే గద, దాంట్ల నాటకం లేదు."

కళావతి ఖాకీ అంగీ గుండీలు పెట్టుకుంటూ తల అడ్డంగా ఊపింది. "ఒక్కదాన్నే చేస్త అన్నంక ఒక్కదాన్నే చెయ్యాలె. నువ్వు పోయి ఎనుక కూసో అయ్యా. నవ్వొస్తె నవ్వు, నిద్రొస్తె పండు. నా పెండ్లాం అని మాత్రం చప్పట్లు కొట్టకు."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

పరదా తాడు సగంలో ఇరుక్కుంది. రెండు చేతులా పట్టుకుని ఊగితే మిగతా సగం జరిగింది. జనం నవ్వారు. కళావతి తాడు వదిలి, చీర మీద ఖాకీ అంగీ సర్దుకుని, భుజాన తోలు సంచితో వేదిక మధ్యకు నడిచి వచ్చింది. అక్కడ పాత ఇనుప సామాను కొట్టులో దొరికిన ఒక బస్సు సీటు, ఒక కమ్మీ తప్ప ఇంకేమీ లేవు.

"నా పేరు కళావతి," అంది మైకు లేకుండానే. "రాసింది నేనే, ఆడేది నేనే, ఇప్పుడు మీరు చూసిన పరదా గుంజిందీ నేనే. దీంట్ల ఇంకొకరి చెయ్యి లేదు. బాగుంటె నాకే చెప్పున్రి, బాగలేకున్నా నాకే చెప్పున్రి."

చేత్తో కమ్మీ పట్టుకుని, ఒక్కసారిగా గొంతు విసిరింది.

"లోపలికి జరుగున్రి! డోర్ కాడ నిలవడకున్రి! జరుగమ్మా, జరుగు!"

హాలు గుమ్మంలో గుంపుగా నిలబడ్డవాళ్ళు నిజంగానే ఉలిక్కిపడి లోపలికి జరిగారు. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు కళావతి కాళ్ళలోకి పాకింది. గోనె సంచులు ఎన్నడూ ఇవ్వనిది అది.

ఆ తరువాత బస్సు కదిలింది. బుట్టలో కోడిపెట్టతో ఎక్కి, కోడికి టికెట్టేమిటని పోట్లాడే ముసలాయన అయింది. ఫోన్‌లో ఇంటివాళ్ళకు లైబ్రరీలో ఉన్నానని చెబుతూ బస్సు హారన్ మోగినప్పుడల్లా మాట మింగే కాలేజీ పిల్ల అయింది. ములుగులో కూతురి కాన్పుకు పోతూ దారి పొడుగునా పక్కవాళ్ళకు కారప్పూస పంచే తల్లి అయింది. మెడ తిప్పితే ఒక మనిషి, భుజం వాల్చితే ఇంకో మనిషి. ముందు వరసలో రాంప్రసాద్ మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు.

తరువాత తాగుబోతు ఎక్కాడు. గోదాములో ఆమెకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం అదే. బస్సును తన ఇంటి గుమ్మం ముందు ఆపమని వాడు కండక్టరును బతిమాలతాడు, బెదిరిస్తాడు, ఏడుస్తాడు. బతిమాలినప్పుడు జనం పగలబడి నవ్వారు. బెదిరించినప్పుడు కొంచెం నవ్వారు. ఏడ్చేసరికి ఎవరో దగ్గారు. ఒక చంటిపిల్ల ఏడుపు మొదలుపెట్టింది. నాలుగో వరసలో ఒక ఫోన్ వెలిగింది, పక్కనే మరొకటి. ఘట్టం సాగిందని కళావతికి తెలిసిపోయింది, కానీ వాడింకా బస్సు దిగలేదు. పక్క తెర చాటున నిలబడి 'చాలు, కొయ్యి' అని చేత్తో సైగ చేసే మనిషి లేడు. ఆదరాబాదరా వాణ్ణి దించేసింది. ఆ తొందరలో తర్వాతి ఘట్టం కాలు జారినట్టు వచ్చి పడింది.

అదే ఆఖరి ఘట్టం.

బస్సు ములుగు చేరుతుంది. అందరూ దిగిపోతారు. ఆఖరి సీటులో ఒక ఆడమనిషి మాత్రం కూర్చునే ఉంటుంది. చేతిలో సంచి లేదు. వాపసు టికెట్టు తీసుకుంటుంది. హన్మకొండలో దిగదు, మళ్ళీ ములుగుకు టికెట్టు తీసుకుంటుంది. పొద్దంతా అంతే. చివరికి ఖాళీ బస్సులో కండక్టరు ఆమె దగ్గరికి వచ్చి అడుగుతుంది.

"ఎక్కడ దిగుతవమ్మా?"

కళావతి అడిగింది. అడిగి, కమ్మీ వదిలి, సీటులో కూర్చుని ఆ ఆడమనిషి అయింది. ఇప్పుడు జవాబు చెప్పాలి. నాటకమంతా ఆ ఒక్క జవాబు కోసం నడిచి వచ్చింది.

నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

ఆ జవాబును ఆమె గోదాములో ఒక్కసారి కూడా పైకి అనలేదు. కాగితం మీద పెట్టలేదు. భర్తకు చెప్పలేదు. ప్రతి రిహార్సల్‌లోనూ ఆ చోటికి వచ్చేసరికి మనసులోనే అనుకుని ఊరుకుంది, మొదటిసారి జనం ముందే పలకాలని. పక్కన ఇంకొకరుంటే 'ఒక్కపారన్న అనరాదే' అని పోరు పెట్టేవారు. పోరు పెట్టే మనిషి లేక, ఆ మాట నాలుక మీదికి ఎన్నడూ రాలేదు. ఇప్పుడూ రాలేదు.

ఫ్యాన్ల చప్పుడు వినిపిస్తోంది. ఎవరో గుసగుసలాడారు. రాంప్రసాద్ ఇంకా ముందుకు వంగాడు.

అప్పుడు, హాలు వెనక చీకట్లోంచి, లోగొంతుతో, తొందర లేకుండా ఒక మాట వచ్చింది.

"దిగేటోళ్ళకే ఊళ్ళుంటయమ్మా. నాకు కూసునే జాగ ఉంటె సాలు."

అక్షరం పొల్లుపోలేదు. అదే మాట.

కళావతి ఒళ్ళు జల్లుమంది. ఆ వెంటనే అరికాళ్ళ నుంచి కోపం లేచింది. ఈ మాట ఎవరికీ తెలియదే! రాంప్రసాద్ ఎట్లా పట్టుకున్నాడు? ఎవరిని కూర్చోబెట్టాడు వెనక? పడితే లేపేదెవరని అడిగి, పడేదాకా కాచుకుని కూర్చున్నాడా?

ఆమె సీటులోంచి లేచింది. వేదిక అంచుదాకా వచ్చి నిలబడింది.

"ఎవరో గని మాట అందిచ్చిండ్లు," అంది. గొంతు వణకలేదు. "మాట కరెక్టే. నేను మరిచిపోయిన, అది గూడ కరెక్టే. పదిహేనేండ్లు ఒకరు అందిచ్చిన మాటలే చెప్పిన. ఎక్కడ నిలవడుమంటె అక్కడ నిలవడ్డ. ఇయ్యాల మాత్రం అందిచ్చిన మాట తీసుకోను. నాకు నేను దారి ఎతుక్కునేదాంక బస్సు ఆగుతది. తొందరున్నోళ్ళు దిగున్రి. నేనేం అనుకోను."

నలుగురైదుగురు నిజంగానే లేచి వెళ్ళిపోయారు. కుర్చీలు గీరుకున్నాయి. మధ్య వరసలోంచి ఒక ముసలాయన కేకేశాడు. "మాకేం తొందర లేదు బిడ్డా! బండి ఎప్పుడు పోతె అప్పుడే పోనీ!"

ఈసారి నవ్వు మెత్తగా వచ్చింది.

కళావతి వెనక్కి నడిచింది. సీటు దగ్గర ఆగి దాన్ని చూసింది. ఆ ఆడమనిషిలా కూర్చోలేదు. సీటులో సగం చోటు ఖాళీగా వదిలి, కండక్టరుగానే ఒక పక్కన కూర్చుంది. భుజాన తోలు సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. పక్కన కనపడని మనిషి వైపు తిరగకుండా, ఎదురుగా లేని కిటికీలోకి చూసింది.

"చెప్పబుద్ధి కాకుంటె చెప్పకమ్మా," అంది నెమ్మదిగా. "నేను గూడ జర కూసుంట. ఇన్నేండ్ల సంది గీ బస్సుల నిలవడే ఉన్న. మనుషుల మొఖాలే చూసిన గని కిటికీల నుంచి బయటికి చూడలే. అగో, మల్లంపల్లి దాటినం. గీ మోదుగులు ఇంత ఎర్రగుంటయా? ఎన్నిసార్లు పోయిన గీ తొవ్వల! ఎవలన్న చెప్తె బాగుండు. కని చెప్పేటోళ్ళు గూడ నాలెక్కనే టికెట్లు కొట్టుకుంటనో, చిల్లర ఎతుక్కుంటనో ఉంటిరి..."

ఆ మాటల్లో ఒక్కటి కూడా గోదాములో పుట్టింది కాదు. అడవి మొదలయ్యే చోటు చెప్పింది, చెట్ల సందుల్లోంచి ఎండ బస్సులో చారలు చారలుగా పడడం చెప్పింది. చేత్తో ఆ చారలను మోకాలి మీద తడుముకుంది. చివరికి మాటలు తగ్గాయి. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు కనపడేవారు, ఒకరు కనపడనివారు, ఏమీ మాట్లాడకుండా ఒక సీటులో కూర్చుని పోతున్నారు. హాల్లో చంటిపిల్ల కూడా ఊరుకుంది.

"రైట్," అంది కళావతి, డ్రైవరుకు కాదు, తనకు తానే చెప్పుకున్నట్టు. "రైట్, పోనీ."

లేచి వెళ్ళి పరదా లాగేసింది.

చప్పట్లు వెంటనే రాలేదు. ఒకరు కొట్టారు, ఆగారు. తరువాత ఇద్దరు. ఆ తరువాత హాలంతా అందుకుంది. పరదా వెనక కళావతి తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సమితిలో అయితే ఈపాటికి పదిమంది మీదపడి కావలించుకునేవారు, నీది బాగుంది, నాది బాగుంది అని అరుచుకునేవారు, ఎవరో ఒకరు నీళ్ళ సీసా అందించేవారు. ఇక్కడ ఒక సీటు, ఒక కమ్మీ, ఆమె. దాహమైంది. నీళ్ళు తెచ్చుకోవడం మరిచిపోయింది. అయినా పెదవుల మీద నవ్వు ఆగడం లేదు.

రాంప్రసాద్ వేదిక మీదికి వచ్చాడు. కొంచెంసేపు సీటు చుట్టూ తిరిగాడు.

"తాగుబోతు సీను సగానికి కొయ్యాలె," అన్నాడు.

"కోస్త సార్. దగ్గులు నాకూ ఇనపడ్డయ్."

"మొదట్ల కోడి సీనుల వేగం ఎక్కువైంది."

"అది గూడ చూసుకుంట."

"చివర్ల కూసున్నవు చూడు..." ఆయన గొంతు సవరించుకున్నాడు. "అట్ల చెయ్యమని నేనెన్నడు చెప్పకపోదును. ఎవరన్న చేస్తనన్నా ఒప్పుకోకపోదును."

ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమయిందో కళావతికి తెలుసు. అయినా ఆమె మెత్తబడలేదు.

"మరి మాట ఎందుకు అందిచ్చిండ్లు సార్? నేను నోరు మూసుకుంటె చూడబుద్ధి కాలేదా? ఎవరిని కూసోబెట్టిండ్లు ఎనుక?"

"నేనా?" రాంప్రసాద్ కళ్ళు చిట్లించాడు. "రాకేష్‌ను అప్పుడే ఆటోల వాపస్ పంపిన. నేనొక్కన్నే వచ్చిన, ఒక్కన్నే కూసున్న. అసుంటి మాట నాకు తెలిసుంటె ఎప్పుడో నా నాటకంల పెట్టుకునేటోన్ని కళావతీ. అది నీకు నాకన్న బాగ ఎరుకే."

ఎరుకే. అంతకన్నా నిజం ఇంకోటి లేదు.

అంతలో రాజమౌళి మెట్లెక్కి వచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ముఖం మాత్రం పెళ్ళికొడుకులా ఉంది. "నేను కొట్టలే," అన్నాడు వస్తూనే. "ఒట్టు, అందరు కొట్టినంకనే కొట్టిన."

"నీ ఎనుక నుంచేనా ఆ మాట వచ్చింది?"

"నా ఎనుక కుర్చీల ఆమెనే అన్నది. నీకు తెలిసినామె అనుకున్న. లేటుగ వచ్చింది. నాటకమయిపోంగనే లేచి పోయింది. పచ్చ చీర, నడీడు మనిషి. బస్టాపు దిక్కు పోతాంది, ఇప్పుడే చూసిన."

కళావతి చేతిలోంచి తాడు జారింది.

ఆ మాట ఆమె రాసింది కాదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, రానురాను తనకు తాను చెప్పుకోవడం కూడా మానేసింది. కొన్నేళ్ళ కిందట ఒక ఎండాకాలం, ములుగు బస్సులో నిజంగానే ఒక ఆడమనిషి పొద్దంతా కూర్చుంది. నిజంగానే కళావతి ఆమెను అడిగింది. ఇంజను మోతలో డ్రైవరుకు కూడా వినపడకుండా ఆ మనిషి చెప్పిన జవాబే అది. హన్మకొండ బస్టాండులో ఆమె జనంలో కలిసిపోయింది. పేరు తెలియదు, ఊరు తెలియదు. ఆ మాట తెలిసినవాళ్ళు ఈ భూమి మీద ఇద్దరే. ఒకరు తాను.

'దీంట్ల ఇంకొకరి చెయ్యి లేదు' అని గంటన్నర కిందట గొంతు చించుకుని చెప్పింది.

కళావతి మెట్లు దిగి పరుగెత్తింది. జనం దారి ఇచ్చారు. మేకప్ కడుక్కోలేదు, ఖాకీ అంగీ విప్పలేదు. మెయిన్ రోడ్డు బస్టాపులో నిలబడ్డవాళ్ళు ఆమెను చూసి ముందుకు వచ్చారు. "మేడం, కాజీపేట బస్సు ఎప్పుడొస్తది?" "మేడం, గీ బస్సు హన్మకొండ పోతదా?"

జవాబు చెప్పకుండా వాళ్ళను తప్పించుకుని చూసింది. చెప్పుల దుకాణం అరుగు పక్కన, పచ్చ చీరలో ఆమె నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. కానీ ఆ కళ్ళు అవే. ఎటో పోతున్నట్టు కాక, ఇక్కడే ఉన్నట్టు చూసే కళ్ళు.

"నువ్వే గద," అంది కళావతి ఆయాసపడుతూ. "నువ్వే గద మాట అందిచ్చింది?"

"అందియ్యలే. నా మాట నేను చెప్పుకున్న. మరిచిపోయింది నువ్వు, నేను గాదు."

కళావతి ఆమె దగ్గరికి ఒక అడుగు వేసింది. "నీ పేరు నేను ఎక్కడ చెప్పలే. ఎవలకు తెల్వది."

"నీకు తెలిస్తె గద చెప్పనీకి." ఆమె కోపంగా అనలేదు. అదే కళావతిని ఎక్కువ పొడిచింది. "బస్టాండుల గోడకు నాటకం పోస్టర్ల నీ ఫోటో చూసిన. ఖాకీ అంగీ, 'ఆఖరి సీటు' అన్న పేరు చూసి గుర్తువట్టిన. ఎన్నేండ్లకు యాది చేసుకున్నదో, చూసొద్దామని వచ్చిన. వస్తె, అంత నేనొక్కదాన్నే చేసిన అంటివి. మరి నేనెవరు? నన్ను అడిగినవా?"

కళావతి తల వంచలేదు. తప్పించుకోనూ లేదు.

"అడగలే. నీ మాట అని చెప్పకపోవుడు తప్పే. రేపటి ఆటల చెప్త. కని ఎక్కడని ఎతకాలె నిన్ను? పేరు చెప్పకపోతివి, ఊరు చెప్పకపోతివి. బస్సుల ఎవలన్న సామాను మరిచిపోతె డిపోల అప్పజెప్తం. మాట మరిచిపోతె ఏడ అప్పజెప్పాలె? ఇన్నేండ్లు నేనే మోసిన. పారెయ్యలే. ఎవలు అడిగినా ఇయ్యలే. అది గూడ యాది పెట్టుకో."

ఆ మనిషి ఆమెను పైనుంచి కిందికి చూసింది. మొదటిసారి పెదవి కొసన నవ్వు లాంటిది కదిలింది.

"గట్టిదానివే," అంది.

హన్మకొండ బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కారు. ఆమె అందరూ ఎక్కేదాకా ఆగి, కమ్మీ పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టింది. కళావతి ఆమె ముంజేయి పట్టుకుంది.

"ఇప్పుడన్న పేరు చెప్పు. రేపు నా నాటకంల ఆ మాట వస్తది. ఎవల పేరు మీద చెప్పాలె?"

"ఆ మాట తీసెయ్యి," అంది ఆమె. "ఇయ్యాల నువ్వు సప్పుడు చెయ్యకుంట కూసున్నవు చూడు, అదే నిజం. నేను ఆ దినం నీకు చెప్పింది అబద్ధం."

"అబద్ధమా?" కళావతి చెయ్యి సడలింది. "ఎందుకు?"

బస్సు లోపల కండక్టరు "రైట్" అంది. చక్రం కదిలింది. ఆ మనిషి మెట్టు మీది నుంచి వెనక్కి తిరిగి, కళావతి కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"నిజం చెప్తె నువ్వు అక్కడికక్కడే బస్సు ఆపేదానివి."